ఉలి ఎవరిది? ఫైలు ఎవరిది?

ఆళ్లగడ్డ శిల్పాన్ని గురించి యీ మధ్య రెండు రకాల మాటలు వినవస్తున్నవి. మొదటి రకం వారు శోకిస్తారు. బల్లమీద పట్టే చిన్న యంత్రం ఒకటి వచ్చిందనీ, తొట్టిలో రెసిన్ పోసి మీట నొక్కితే తెల్లవారేసరికి అహోబిల నరసింహుడు జూలులోని వెంట్రుకలతో సహా పైకి లేచి వస్తున్నాడనీ, యిక ఉలికి కాలం చెల్లిందనీ వారి దుఃఖం. రెండవ రకం వారు చప్పట్లు కొడతారు. ఇక ప్రతి యిల్లూ శిల్పశాలే, ప్రతి కుర్రవాడూ జక్కన్నే అంటారు. ఇరుపక్షాల కళ్లూ యంత్రం మీదనే వున్నవి. దాని వెనుక నిలబడినవాడు ఎవరో చూసే ఓపిక ఎవరికీ లేదు.

ముందు యంత్రం సంగతి. తొట్టిలో ఒక ద్రవం వుంటుంది. అతినీలలోహితానికి దగ్గరి వెలుతురు తగిలితే అది గట్టిపడుతుంది. తొట్టి అడుగున ఒక తెర. కంప్యూటరు శిల్పాన్ని పలుచని పొరలుగా కోసి, ఒక్కొక్క పొర ఆకారాన్ని ఆ తెరమీద వెలిగిస్తుంది. పొర మందం సాధారణంగా 0.05 మిల్లీమీటర్లు. అంటే 10 సెంటీమీటర్ల బొమ్మకు 2,000 పొరలు. పొర మొత్తానికి ఒకేసారి వెలుతురు పడుతుంది గనుక, పళ్లెం మీద పట్టినన్ని బొమ్మలు పెట్టుకోవచ్చు. ఒక బొమ్మకు పట్టే సమయమే పది బొమ్మలకూ పడుతుంది. పాఠకులు యిక్కడ కొంచెం ఆగాలి. రాతిలో పదవ విగ్రహానికి కూడా మొదటి విగ్రహానికి పట్టినంత శ్రమా పడుతుంది. ఇక్కడ శ్రమ అంతా మొదటి నమూనాలోనే, అంటే ఆ ఫైలులోనే, పేరుకొని వుంది. తరువాతి ప్రతులకు కావలసింది రెసిన్, కరెంటు, కడగడానికి స్పిరిటు. యంత్రం దేన్నీ చెక్కదు. ఎవరో చెక్కిన దాన్ని పోతపోసి యిస్తుంది.

కాబట్టి శోకించేవారికి మొదట జవాబు చెప్పాలి. మీరు ఏడుస్తున్న ఉలి ఏనాడో సగం మూలపడింది. ఆళ్లగడ్డలో రాయి పనిచేసే చోట నిలబడితే ముందుగా చెవిన పడేది కరెంటు కోతచక్రం రొద. ఆ చక్రం పనిని తొందర చేసింది. ధూళిని ఎన్నో రెట్లు పెంచింది. గ్రానైటు వంటి రాళ్ల ధూళిలోని సిలికా వూపిరితిత్తులలో చేరితే వచ్చే రోగం నయం కాదు. పురోగమనమే గాని దానికి తిరోగమనం లేదు. కళ పవిత్రత మీద వ్యాసాలు రాసే పెద్దలలో ఎందరు యీ ధూళిని గురించి ఒక్క వాక్యం రాశారు? రాతిపనిలో మోటు భాగాన్నైనా యంత్రం మీదికి నెట్టగలిగితే, ఆ మేరకు ఒక మనిషి రొమ్ము బతుకుతుంది. దీనికి వగచేవారు శిల్పాన్ని ప్రేమిస్తున్నారేమో గాని శిల్పిని ప్రేమించడం లేదు.

మరొక సంగతి కూడా దాచరాదు. శిల్పవిద్య కులంలో పుట్టి కులంలోనే పెరిగింది. తాళమానం, అంటే ముఖం కొలతను ప్రమాణంగా తీసుకొని శరీరాన్ని విభజించే లెక్క, తండ్రి నుంచి కొడుక్కు దక్కింది. కూతురికి దక్కింది అరుదు. మాల మాదిగ పిల్లవానికి దక్కింది యింకా అరుదు. తిరుపతిలో 1960లో దేవస్థానం వారు పెట్టిన శిల్పవిద్యా సంస్థ వంటివి ఆ గోడకు ఒక తలుపు తెరిచినవి. ఇవాళ నంద్యాల కళాశాలలో చదివే ఒక అమ్మాయి కంప్యూటరు మీద మట్టిముద్దను పిసికినట్టు ఆకారాన్ని పిసికి, దాన్ని చేతికి తెచ్చుకోగలగడం చిన్న సంగతి కాదు. దీన్ని చూసి మూతి విరిచేవాడు అభ్యుదయవాది కాడు.

ఇక చప్పట్ల వారి వంతు. ప్రతి యిల్లూ శిల్పశాల అంటున్నారు గదా, ఆ శిల్పం ఎక్కడినుంచి వస్తున్నదో చూడండి. నూటికి ఎక్కువ మంది చేస్తున్నది ఎవరో తయారుచేసిన ఫైలును కొనడమో, వూరికే దించుకోవడమో. యంత్రం చవక అయింది నిజమే. మోటారు సైకిలు ధరలో సగం కూడా లేదు. కాని ఆ చవకదనం ఎవరి దయాదాక్షిణ్యాల వల్లా రాలేదు. ఛార్లెస్ హల్ అనే అమెరికా ఇంజనీరుకు యీ పద్ధతిపై 1986లో పేటెంటు లభించింది. ఆయన స్థాపించిన కంపెనీ యీ రంగాన్ని చాలా కాలం పేటెంట్ల కంచెలో వుంచింది. చిన్న బల్లయంత్రం తయారుచేయబోయిన ఒక కొత్త కంపెనీని 2012లో కోర్టుకు యీడ్చింది. మూల పేటెంట్ల గడువు తీరిన తరువాతనే యంత్రం మన వీధిదాకా దిగివచ్చింది. శిల్పం చేసే సాఫ్టువేరుదీ యిదే కథ. బ్లెండరు అనే సాఫ్టువేరును 2002లో దాని అభిమానులు ఏడు వారాలలో లక్ష యూరోలు చందా వేసుకొని కొని, ప్రజలందరిదీ చేశారు. ఇవాళ పైసా లేని విద్యార్థి కూడా దానితో పని నేర్చుకోవచ్చు. సమష్టి ఆస్తి అంటే నవ్వేవారికి చూపవలసిన ఉదాహరణ యిది.

కంప్యూటరు నమూనా చేతిపనిని ఏం చేయగలదో తెలియాలంటే కంసాలి అంగడికి వెళ్లి చూడవలసింది. శిల్పికీ కంసాలికీ బంధుత్వం వుంది, ఇద్దరూ విశ్వబ్రాహ్మణులే. మైనపు పోతకు పనికివచ్చే రెసిన్‌తో నగ నమూనాను అచ్చువేసి, దాని చుట్టూ అచ్చుపోసి, దాన్ని కాల్చివేసి ఆ ఖాళీలో బంగారం పోస్తున్నారు. పని సున్నితంగానే వుంటుంది. నమూనా పెద్ద దుకాణానిది, యంత్రం కార్ఖానాదారునిది. వీధి కంసాలికి మిగిలింది తెగిన గొలుసు అతకడం, చెవులు కుట్టడం. యంత్రం కంసాలిని కొట్టలేదు. కంసాలి చేతిలో లేకపోవడం వల్ల కొట్టింది.

ఆళ్లగడ్డకు రానున్నదీ యిదే. దానికి కార్ఖానా కూడా అక్కర్లేదు. విగ్రహం చుట్టూ తిరుగుతూ సెల్ ఫోనుతో వంద ఫోటోలు తీస్తే కంప్యూటరు వాటిని కలిపి ఆకారం కడుతుంది. శిల్పి నెలల తరబడి కూర్చి పెట్టిన కనుబొమ వంపు అరగంటలో ఫైలు అయిపోతుంది. చట్టం ఏమంటున్నది? 1957 కాపీరైటు చట్టం శిల్పాన్ని కళాకృతిగా గుర్తించింది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా వున్న శిల్పాన్ని బొమ్మ గీసుకోనిస్తుంది, ఫోటో తీసుకోనిస్తుంది. మరొక శిల్పంగా చేసుకొని అమ్ముకొమ్మని మాత్రం అనలేదు. హక్కు వుంది, కాని రోజుకూలీ మీద బతికే శిల్పి కోర్టుకు ఎక్కేదెప్పుడు? ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంబరపడుతున్నాము. 1999 చట్టం కింద వచ్చే ఆ గుర్తింపు వూరి పేరును కాపాడుతుంది. పేరు మార్చి అమ్మే ఆకారాన్ని అది ముట్టుకోదు.

నరసింహుని రూపం ఎవరి సొత్తూ కాదు, కాకూడదు కూడా. పాత విగ్రహాల ఫైళ్లను తాళం వేసుకొనే ఘనులు వున్నారు గనుక యీ మాట గట్టిగా చెప్పాలి. బెర్లిన్ మ్యూజియంలోని నెఫెర్టిటి రాణి ప్రతిమ 1912లో ఈజిప్టులో, తుత్మోస్ అనే శిల్పి పనిశాల శిథిలాలలో దొరికింది. దాన్ని మ్యూజియం వారు ఫైలుగా ఎక్కించి దాచుకొంటే, ఒక అమెరికన్ కళాకారుడు ఏళ్ల తరబడి పోరాడి 2019లో బయటికి తీయించాడు. ఫైలు తెరిచి చూస్తే ప్రతిమ అడుగుభాగాన మ్యూజియం తన హక్కు ప్రకటనను చెక్కించుకొని వుంది! మూడువేల యేళ్లనాటి శిల్పి పేరు మాత్రం అక్కడ లేదు. మన ఆలయాలలోనూ పోషించిన రాజు పేరు శాసనమెక్కింది. చెక్కినవాని పేరు వెతకాలి.

కనుక అడగవలసింది స్పష్టంగా అడుగుదాం. సనాతన రూపాలు ప్రజలవి. వాటిని ఫైలుగా మలచిన శ్రమకు మాత్రం కూలి వుండాలి, ఆ ఫైలు శిల్పుల సహకార సంఘం చేతిలో వుండాలి. సంఘానికి ఒక స్కానరు, రెండు యంత్రాలు, నేర్పే మనిషి కావాలి. హస్తకళల పేరిట శాలువాలకూ ప్రదర్శనలకూ అయ్యే ఖర్చులో ఎంతో కొంత దీనికి మళ్లిస్తే చాలు. నంద్యాల విద్యార్థులు బ్లెండరు నేర్పి, తాళమానం నేర్చుకోవచ్చు. శిల్పి పెద్ద రాయి మీద చేయి పెట్టకముందే జానెడు రెసిన్ నమూనా అచ్చువేసి గిరాకీకి చూపగలడు. ముక్కు నచ్చలేదంటే రాయి పాడు కాదు, బేరం పాడు కాదు.

రబ్బరు తొడుగులు లేకుండా మాత్రం ఆ తొట్టి దగ్గరికి ఎవరినీ పోనివ్వవద్దు. గట్టిపడని రెసిన్ చర్మానికి విషం. ఒకసారి పడకపోతే యిక జీవితాంతం పడదు. కడిగిన స్పిరిటును మోరీలో పారబోస్తే అది చేరేది కుందూకే. దాన్ని ఎండలో వుంచి, మడ్డి గట్టిపడిన తరువాతనే పారవేయాలి. రాతిధూళిని యిన్నాళ్లూ పట్టించుకోని మనం యీ వాసననైనా మొదటి రోజునుంచే పట్టించుకోవాలి.