మణికట్టు కొలత

జేబులో సెల్‌ఫోను ఉండగా చేతికి గడియారం ఎందుకు సార్ అని మా కాలేజీ విద్యార్థులు నన్ను అడుగుతూంటారు. కాలం తెలుసుకోవడం వరకే అయితే అక్కరలేదనే చెప్పాలి. అయినా ఈ వారం ఆ గడియారాన్ని చేతికి పట్టి ఉంచే ఉక్కు గొలుసును గురించి నాలుగు మాటలు చెప్పదలచుకొన్నాను. ఇంత చిన్న వస్తువుకు ఒక వ్యాసమా అని పాఠకులు నవ్వుకోవద్దు. ఆ గొలుసులో రెండు లంకెలు ఎక్కువైన సంగతి పట్టుకొని మా యింట్లో ఒక పెద్ద గండం గడిచింది.

మా ఊరు ఆదిలాబాదు. నేను ఉద్యోగరీత్యా కరీంనగరులో కాపురం. మా వైపు తండ్రిని బాపు అంటాము. మా బాపు రిటైరయిన బడిపంతులు. 1976లో ఆయన పెండ్లికి మా తాత, అంటే అమ్మ తండ్రి, ఒక హెచ్.ఎం.టి. జనతా గడియారం పెట్టినాడు. అల్లుడికి రేడియో, సైకిలు, చేతి గడియారం అడిగే రోజులవి. బాపు ఏమీ అడగలేదట. అడగని అల్లుడికి తాత గడియారమొక్కటి ఇచ్చినాడు. హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో గడియారాలు చేయడం 1961లో మొదలుపెట్టినారు. 2016లో ఆ వ్యవహారం మూసివేశారు. కంపెనీ పోయింది గాని బాపు గడియారం పోలేదు. పొద్దున లేవగానే కీ ఇస్తే మళ్ళీ పొద్దుటిదాకా నడుస్తుంది.

దాని యంత్రంలో పదిహేడు జ్యూయల్స్, అంటే పదిహేడు మణులు. ఇరుసులు అరగకుండా పెట్టే కెంపులవి. సంస్కృతంలో చేతి కీలును మణిబంధం అన్నారు, తెలుగులో మణికట్టు అన్నాము. మణి కట్టుకొనే చోటు అని అర్థం. గడియారం పుట్టకముందే మన భాష దానికి చోటు ఏర్పరచి ఉంచిందన్నమాట! తెలుగు మేష్టారుకు ఈమాత్రం ముచ్చట క్షమించండి.

కిందటేడు మే నెలలో బాపు కరీంనగరు వచ్చినాడు. మా ఎండల సంగతి తెలియనివారు లేరు. పక్కన రామగుండంలో నలభై అయిదు డిగ్రీలు దాటడం మాకు వింత కాదు. ఆ చెమటకు తోలుపట్టీ నాని, కుళ్ళి, ఒకరోజు పుటుక్కున తెగింది. ఈసారి ఉక్కు గొలుసు వేయిద్దామన్నాను నేను.

“కరీంనగరులో ఉండి ఉక్కేమిటి? వెండి గొలుసు చేయించండి” అన్నది మా ఆవిడ. ఆమె మాటా నిజమే. ఎలగందుల నాటినుంచి వచ్చిన వెండి తీగపని మా జిల్లాకు పేరు తెచ్చింది. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పని చేసే ఒక పెద్దాయనను అడిగాను. ఆయన నవ్వి, “వెండి మెత్తన సార్. డబ్బీకి, పళ్ళానికి మంచిది. గొలుసైతే దినాం వంగుతది, పిన్ను తిరిగే బెజ్జం అరుగుతది. రోజూ పెట్టుకునేదానికి ఉక్కే తీస్కోండ్రి” అన్నాడు. తన సరుకు అమ్ముకోవాలనే ఆశ లేకుండా చెప్పిన ఆ మాట నాకెంతో నచ్చింది.

తర్వాత టవర్ సర్కిల్ దగ్గర ఒక చిన్న కొట్టుకు వెళ్ళాము. కంటికి భూతద్దం తగిలించుకొని కూర్చునే ముసలాయన, అందరికీ చాచా. ఆయన దగ్గర ఆనాడు నేర్చుకొన్నది ఇది.

మొదట చూడవలసింది గడియారం కొమ్ముల నడుమ వెడల్పు. బాపు గడియారానికి 18 మిల్లీమీటర్లు. గొలుసు చివర కూడా సరిగ్గా అంతే ఉండాలి. ఒక మిల్లీమీటరు తగ్గితే గడియారం అటూ ఇటూ ఊగుతుంది, పెరిగితే అసలు ఇమడదు. రెండవది లంకెల తీరు. రేకును మడిచి చేసినవి తేలిక, చవక. కాని సందుల్లో చేతి వెంట్రుకలు పట్టి లాగుతవి. గట్టి ముక్కలతో చేసినవి బరువైనా మన్నుతవి. చిన్న గడియారానికి మరీ బరువు గొలుసు వేస్తే మాత్రం పిల్లవాడి మీద బియ్యం బస్తా పెట్టినట్టుంటుంది. కొందరికి లోహంలోని నికెలు పడక చర్మం ఎర్రగా పొక్కుతుంది, వారు ముందుగానే అడిగి తీసుకోవాలి. స్ప్రింగులతో సాగే గొలుసులూ ఉన్నవి. తొడగడం సుఖమే గాని, ఏళ్ళు గడిచేసరికి సాగి వదులైపోతవి.

ఇక కొలత. లంకెల లోపలివైపు చిన్న బాణం గుర్తు ఉంటుంది. పిన్నును ఆ బాణం చూపినవైపే పొడిచి తీయాలి, పెట్టేటప్పుడు ఎదురువైపునుంచి పెట్టాలి. రెండు పక్కలా సమంగా తీస్తేనే కొక్కెం మణికట్టు కింద నడిమికి వస్తుంది. ఒకవైపంతా తీసేస్తే కొక్కెం పక్కకు జరిగి, బల్లమీద రాసేటప్పుడల్లా గుచ్చుకుంటుంది. లంకె తీయడం పెద్ద కొలత, కొక్కెంలోని చిన్న బెజ్జాలు మార్చడం చిన్న కొలత. మేము కొన్న గొలుసులో ఒక్క లంకె 8 మిల్లీమీటర్లు, ఒక్క బెజ్జం రెండు.

చాచా నాలుగు లంకెలు తీశాడు. బాపు ఇంకా బిగువు కావాలన్నాడు. బడిపంతులు కదా, దేనిలోనూ వదులు గిట్టదు! చాచా ఒప్పుకోలేదు. “వద్దు పెద్దసారూ. ఎండకు, పొద్దుమీకి చెయ్యి ఉబ్బుతది. చిటికెన వేలు దూరేంత జాగా ఉంచాలె” అని, తీసిన నాలుగు ముక్కలూ కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టి, “ఇవి పారేస్తే మళ్ళ దొరకయి. మనిషి చెయ్యి ఒక్కతీరుగ ఉండదు” అన్నాడు.

డిసెంబరులో సెలవు పెట్టి ఆదిలాబాదు వెళ్ళాను. నిర్మల్ దాటి ఘాటు ఎక్కుతూనే చలి మొదలైంది. మా ఊళ్ళో చలికాలం పది డిగ్రీలకన్న కిందికి దిగడం మామూలే. తెల్లవారి బాపు చాయ గ్లాసు ఎత్తితే గడియారం జర్రున జారి మోచేతి దగ్గరికి పోయింది. దింపితే కిందికి, ఎత్తితే పైకి.

“ఏంది బాపూ, గొలుసు ఇంత వదులైంది?”

“చలికిరా. చలికి ఉక్కే ముడుచుకుంటది, చెయ్యి ముడుచుకోదా? ఎండకాలం మళ్ళ సరిపోతది” అన్నాడు.

సైన్సు మాట కలిసేసరికి నేనూ తలూపాను. అయినా మనసొప్పక బజారుకు తీసుకుపోయాను. అక్కడి గడియారాల మేస్త్రీ గొలుసు చూచి, బాపు చెయ్యి పట్టి చూచి, “రెండు కడీలు తియ్యాలె” అన్నాడు. మేలో కొలిచి వేయించినదే, చలికి వదులైందని నేను చెప్పాను. ఆయన పిన్ను పొడవడం ఆపి నావైపు చూచి, “చలికి అర కడీ తేడా వస్తది సార్. బెజ్జం మారిస్తె సరిపోతది. రెండు కడీలంటే చలి పని గాదు. పెద్దాయన చిక్కిండు. చూపిచ్చిండ్రా?” అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. రెండు లంకెలంటే 16 మిల్లీమీటర్లు! ఏడు నెలల్లో మా బాపు చెయ్యి అంత తరిగిపోతే మేమెవ్వరం చూడలేదు. చూడకపోవడానికి కారణమూ ఉన్నది. ఆయన ధోవతి మనిషి. ధోవతికి కొలత లేదు, ఎంత నడుముకంటే అంత నడుముకు చుట్టుకుంటుంది. అంగీలు ఎప్పుడూ వదులువే. ఒంటిమీద కొలత ప్రకారం ఉన్నది ఆ గొలుసొక్కటే. ఇంటికి వచ్చి అమ్మనడిగితే, “రాత్రి నాలుగుసార్లు లేస్తుండు. చెంబెడు చెంబెడు నీళ్ళు తాగుతుండు. నీకు చెప్పొద్దన్నడు” అన్నది.

మర్నాడే రక్తపరీక్ష చేయించాము. పరగడుపున 126 వస్తేనే చక్కెర జబ్బు లెక్కలోకి వస్తుంది. బాపుకు 260 దాటింది. ప్రయత్నం లేకుండా ఒళ్ళు తగ్గడం, దాహం, రాత్రిళ్ళు లేవడం ఈ జబ్బు ముఖ్యమైన గుర్తులేననీ, ఇంకా ఆలస్యం చేస్తే కళ్ళకూ మూత్రపిండాలకూ ముప్పు వచ్చేదనీ డాక్టరుగారు చెప్పారు. మందులు మొదలైనవి. తినే అన్నం తగ్గింది, జొన్నరొట్టె వచ్చింది, సాయంత్రం నడక వచ్చింది. బాపు నామీద నెలరోజులు అలిగినాడు. “గడియారం మేస్త్రీ చెప్పిండని దవాఖానకు తోలినోణ్ణి నిన్నే చూసిన” అని దెప్పినాడు. అలుగుతూనే మందులు మాత్రం వేళకు వేసుకొన్నాడు. వేళ చూడడానికి చేతికి గడియారం ఉన్నది కదా.

మీ ఇంట్లో కూడా పెద్దవారి చేతికి గొలుసు గడియారముంటే ఒక్క పని చేయండి. కొలిచి వేయించిన రోజున ఎన్ని లంకెలు తీశారో రాసిపెట్టుకోండి, తీసినవి దాచండి. నెలకొకసారి సబ్బునీటిలో మెత్తని బ్రష్షుతో గొలుసు కడగండి. పాత గడియారమైతే నీరు పోకుండా ముందు గొలుసు విప్పండి. ఆ కడిగే రోజున మళ్ళీ తొడిగేటప్పుడు చిటికెన వేలు దూర్చి చూడండి. ఒక వేలు పట్టే చోట రెండు వేళ్ళు పడితే, బజారుకు పోయేముందు డాక్టరు దగ్గరికి తీసుకుపొండి.

ఈ ఏడు మే నెలలో బాపు మళ్ళీ కరీంనగరు వచ్చినాడు. బస్సు దిగుతూనే మణికట్టు చూపించి, “బిగుసుకుంటుందిరా” అన్నాడు. మొహంలో కాస్త గర్వం కూడా ఉన్నది. ఇద్దరం టవర్ సర్కిల్‌కు పోయాము. చాచా పొట్లం విప్పి ఒక లంకె తిరిగి వేశాడు. ఆరింటిలో ఇప్పుడు అయిదున్నవి. పొట్లాన్ని మా ఆవిడ బీరువాలో నగల పక్కన దాచింది.