ఆగిపోయిన కుట్టుపని ఎందుకు ఆగిందో కూడా రాయాలి

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి. మేము చదివింది తమిళ బడిలో. తెలుగు రాయడం ఉద్యోగంలో చేరాక సొంతంగా నేర్చుకున్నదే. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి.

పోయిన నెల మీటింగులో ఒక మాట వచ్చింది. వార్షికోత్సవంలో ఆడవాళ్ళకి ఎంబ్రాయిడరీ పోటీ పెడదాం, బాగా కుట్టినవాళ్ళకి బహుమతి ఇద్దాం అని. అందరూ చేతులెత్తారు, మేము ఎత్తలేదు. ఏమైంది మీకు అని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. ఫోన్లో చెప్తే సగమే అవుతుందని ఇక్కడ రాస్తున్నాం.

మా మాట ఇది. కొత్తవి కుట్టించడానికి మనకి పోటీ అక్కర్లేదు. సగంలో ఆగిపోయినవి మన ఇళ్ళలో పెట్టెల నిండా ఉన్నాయి. ముందు వాటి సంగతి చూడాలి. ఊరికే చెప్పడం లేదు. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా ఏడాది పాటు మా ఇంట్లో చేసి చూసి చెప్తున్నాం.

మా అత్తగారిల్లు గుడియాత్తం. లుంగీలు నేసే ఇల్లు. గుడియాత్తం అంటే ఇప్పటికీ చేనేత లుంగీలు, అగ్గిపెట్టెలు, బీడీలు గుర్తొస్తాయి కదా. అత్తమ్మ పోయాక చాలా ఏళ్ళు ఆ ఇల్లు మూసే ఉంది. పోయిన ఏడాది ఇల్లు మరమ్మతు చేయాలని సామాను తీస్తే అటక మీద ఒక ఇనప పెట్టె దొరికింది. మా ఆవిడ పెళ్ళికి ముందు కుట్టినవి, అత్తమ్మ కుట్టినవి అందులో ఉన్నాయి. ఒక్కటీ పూర్తయింది లేదు. పూర్తయినవి వాడి వాడి చిరిగిపోయాయి, ఆగిపోయినవే మిగిలాయి. ఆ పెట్టెని రైల్లో కాట్పాడికి, అక్కణ్ణించి ఆటోలో వేలూరు ఇంటికి తెచ్చాం. మా ఇంట్లో బీరువా కింద అరలో ఉన్నవి కూడా దానికి కలిపాం. మొత్తం పదకొండు.

ఉద్యోగం పోయినా గుమాస్తా బుద్ధి పోదు. రైల్లో ఎవరైనా సామాను మరిచిపోతే దాన్ని ముందు రిజిస్టర్లో ఎక్కిస్తారు, చీటీ కడతారు, తర్వాతే పక్కన పెడతారు. అలాగే ఒక లాంగ్‌సైజు నోటు కొని గీతలు గీశాం. వస్తువు ఏమిటి, ఎవరిది, ఎప్పుడు మొదలైంది, ఎంత మిగిలింది. ఇలా నాలుగు గడులు. మా ఆవిడ చూసి, "ఏమండీ, ఇంకో గడి గీయండి, ఎందుకు ఆగిందో కూడా రాయండి" అంది. గీశాం. ఆవిడ చెప్తుంటే మేము రాశాం.

దిండు గలీబులు ఒక జత, నెమలి బొమ్మ. ఒకటి అయింది, రెండోదానికి కార్బన్ గీత మాత్రమే ఉంది. ఎందుకు ఆగింది? "మీకు జోలార్‌పేట నుంచి మార్పు వచ్చింది, సామాను సర్దాను." టీవీ మీద కప్పే మ్యాటీ గుడ్డ, క్రాస్ స్టిచ్, అంచు మూడు పక్కలే అయింది. "మీ అమ్మ మంచాన పడింది." పిల్లకి పుట్టినరోజు గౌను, ఛాతీ దగ్గర స్మాకింగ్ సగం. "మీకు రాత్రి డ్యూటీ. పగలు మీరు నిద్రపోవాలని పిల్లని ఎత్తుకుని పక్కింట్లో కూర్చునేదాన్ని." అద్దాల పని జాకెట్టు. "మీ చెల్లెలి పెళ్ళి."

ఆరోది రాసేటప్పటికి మా పెన్ను ఆగింది. ముప్ఫై ఏళ్ళుగా మేము ఇంట్లో ఒక మాట అనేవాళ్ళం, "ఈవిడ ఏదీ పూర్తి చేయదు, అన్నీ మొదలుపెట్టి వదిలేస్తుంది" అని. చుట్టాల ముందు కూడా నవ్వుతూ అన్నాం. ఆవిడా నవ్వేది. ఆ ఐదో గడి చదివితే బద్ధకం అనే మాట ఎక్కడా లేదు. మా మార్పులు, మా డ్యూటీలు, మా అమ్మ, మా చెల్లెలు. టికెట్ల లెక్కలో ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రంతా కూర్చుని సరిచూసినవాళ్ళం, ఇంట్లో ఈ లెక్క ఒక్కసారి కూడా చూడలేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. పశ్చిమ గోదావరి నరసాపురం పక్కన లేసు అల్లే ఆడవాళ్ళ మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఒక పుస్తకం రాసింది, 1982లో వచ్చింది. ఆ ఆడవాళ్ళు రోజూ గంటల తరబడి అల్లిన లేసు విదేశాలకి పోయేది, వ్యాపారులు సంపాదించేవాళ్ళు. కానీ ఆ పనిని ఎవరూ పని అనలేదు, ఇంట్లో ఊరికే కూర్చున్న ఆడవాళ్ళ కాలక్షేపం అన్నారు. డబ్బు తెచ్చే పనికే ఆ గతి పడితే, దిండు గలీబు మీద నెమలికి లెక్క ఎవరు రాస్తారు? కాలక్షేపం అనుకున్నాం కాబట్టే ఎప్పుడు కావాలంటే అప్పుడు లేపాం. "కాస్త కాఫీ పెట్టు" అంటే ఆవిడ సూది గుడ్డకే గుచ్చి లేచేది. అలా లేచిన సూదులు ఆ పెట్టెలో మూడు దొరికాయి, గుడ్డకే తుప్పు పట్టి.

సరే, ఏడాదిలో ఏం చేశామో చెప్తాం. రోజూ ఉదయం పదింటి నుంచి పదకొండున్నర దాకా వంటిల్లు మాది, కిటికీ పక్క కుర్చీ ఆవిడది. ఆ వేళ ఎండ వెలుగు బాగుంటుంది. మొదటి నెల మా సాంబారు గురించి అడగొద్దు. గంటకోసారి "పప్పు ఎక్కడుంది" అని అడగడం మాన్పడానికే రెండు నెలలు పట్టింది. అడిగితే ఆవిడ లేవాలి, లేస్తే సూది మళ్ళీ గుడ్డకే.

చేయాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని కొన్ని సంగతులు. పాత దారం రంగు దిగుతుంది. తెల్ల గుడ్డ తడిపి దారం మీద అద్ది చూడండి. రంగు అంటితే ఆ గుడ్డని నీళ్ళలో ముంచొద్దు. దారం చుట్టకి కట్టిన కాగితం మీద రంగు నంబరు ఉంటుంది, అది పారేయొద్దు. మాకు అది లేక లాంగ్ బజారులో దారాలు పట్టుకుని అంగడి బయటికి వచ్చి ఎండలో పోల్చి కొన్నాం. ట్యూబులైటు కింద ఆకుపచ్చ అంతా ఒకలాగే ఉంటుంది. ఆరు పోగుల దారంలో రెండు పోగులే తీసి కుట్టాలి, పాత కుట్టు ఎన్ని పోగులో ముందు లెక్కపెట్టాలి. మా వయసువాళ్ళకి తెల్ల మ్యాటీ గుడ్డలో రంధ్రాలు కనబడవు. ఒళ్ళో నల్ల గుడ్డ పరుచుకుంటే కనబడతాయి. పాత ఫ్రేము ఇనుముదైతే తీసేయండి, దాని అంచు తుప్పు గుడ్డ మీద గుండ్రంగా మరక పడుతుంది.

పదకొండులో ఆరు పూర్తయ్యాయి. మూడు వదిలేశాం, గుడ్డ మడతల దగ్గర చివికిపోయింది, సూది దిగితే చిరుగుతోంది. గౌను మిగిలిన స్మాకింగ్ మా మేనకోడలు చేస్తానని తీసుకుంది. ఇంకొకటి అలాగే ఉంచాం, దాని సంగతి తర్వాత.

ఆరింట్లో ఒకటి అత్తమ్మది. తలుపు మీద కట్టే గుడ్డ, క్రాస్ స్టిచ్‌లో తెలుగు అక్షరాలు. స్వాగ అన్నంత వరకు అయింది, తర్వాత త సగంలో ఆగింది. అత్తమ్మ చిన్నప్పుడు తెలుగు బడిలో చదువుకుంది. మా ఆవిడ మాట్లాడుతుంది గానీ చదవదు, మాలాగే తమిళ బడి. అందుకే అంతకాలం పెట్టెలో ఉన్నా అదేదో లత బొమ్మ అనుకుందట. మా మనవరాలు కూడా చూసి "ఇదేం పువ్వు తాతా" అంది. గళ్ళ నోటులో మేము తం గీసి ఇచ్చాం. తెలుగు అక్షరం గుండ్రం. గళ్ళలో గుండ్రం రాదు, మెట్లు మెట్లుగా వస్తుంది. అత్తమ్మ గ ఎన్ని గళ్ళ ఎత్తు కుట్టిందో లెక్కపెట్టి, తలకట్టు ఎక్కడ విరిచిందో చూసి, నాలుగు సార్లు చెరిపి గీశాం. మా ఆవిడ కుట్టింది. కుట్టేటప్పటికి ఆవిడకి ఆ మూడు అక్షరాలు వచ్చేశాయి. ఇప్పుడు అది మా వేలూరు ఇంటి తలుపు మీద ఉంది.

రెండు అభ్యంతరాలు వినబడతాయి. మొదటిది, ఇప్పుడు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ గంటలో అవుతుంది, కళ్ళు పాడు చేసుకోవడం ఎందుకని. కొత్త జాకెట్టుకి మగ్గం వర్కో మిషన్ వర్కో చేయించుకోండి, మేము వద్దనలేదు. కానీ అత్తమ్మ ఆపినచోట నుంచి మిషన్ మొదలుపెట్టలేదు. కళ్ళ సంగతి నిజమే. చేతకానివాళ్ళు ఇంకొకరికి ఇవ్వొచ్చు. 2022లో అమెరికాలో ఇద్దరు స్నేహితురాళ్ళు లూజ్ ఎండ్స్ అని ఒకటి మొదలుపెట్టారు. చనిపోయినవాళ్ళు, చేతులు సహకరించనివాళ్ళు వదిలిన అల్లికలు, కుట్లు ఊరూ పేరూ తెలియనివాళ్ళు ఉచితంగా పూర్తి చేసి ఇంటికి పంపుతారు. మనకి అంత దూరం ఎందుకు, ధర్మపురి జిల్లా సిట్టిలింగిలో లంబాడీ ఆడవాళ్ళు మరుగున పడిన తమ కుట్టుని పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకుని పోర్గై అనే పేరుతో మళ్ళీ నిలబెట్టారు. పోర్గై అంటే వాళ్ళ మాటలో గర్వం. మన సంఘంలో కుట్టడం తెలిసినవాళ్ళు లేరా?

రెండోది, పోయినవాళ్ళ పనిని ముట్టుకోవడం మంచిది కాదని. ఇది సగం ఒప్పుకుంటాం. అలాగే ఉంచామని చెప్పింది అందుకే. అత్తమ్మ ఆఖరున కుట్టిన చేతిరుమాలు అది. కాడకుట్టు వంకర పోయింది, చూపు తగ్గిన చెయ్యి అని తెలుస్తుంది. మా ఆవిడ తుప్పు సూది ఒకటి తీసేసి మడిచి పెట్టింది. దాన్ని సరిచేస్తే అత్తమ్మ చెయ్యి పోతుంది అంది. పూర్తి చేయడం అంటే అన్నిటినీ కుట్టేయడం కాదు. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, కుట్టాలా, ఇంకొకరికి ఇవ్వాలా, వదలాలా, అలాగే ఉంచాలా అని తేల్చడం. తేల్చకుండా అటక మీద పెట్టడమే తప్పు.

కాబట్టి సంఘానికి మా మనవి. పోటీ వద్దు, మొదటి బహుమతి వద్దు. వార్షికోత్సవంలో ఒక బల్ల వేద్దాం. ప్రతి ఇంటి నుంచి పూర్తి చేసినది ఒకటి తెచ్చి పెట్టండి. పక్కన చీటీ పెట్టండి. ఎవరు మొదలుపెట్టారు, ఎందుకు ఆగింది, ఎవరు పూర్తి చేశారు. రెండో ప్రశ్నకి జవాబు ఇంటి ఆడవాళ్ళు చెప్పాలి, మగవాళ్ళు రాయాలి. చెప్పేటప్పుడు మధ్యలో మాట్లాడొద్దు. మేము రెండుసార్లు మాట్లాడి మాట పడ్డాం.

పొగడ్తలు, శాలువాలు ఏడాదికి ఒక రోజే. మన ఆడవాళ్ళకి కావలసింది రోజుకి గంటన్నర, ఎవరూ పిలవని గంటన్నర. అది ఇవ్వగలిగినవాళ్ళు ఈ బల్ల పక్కన నిలబడొచ్చు.

ఈ ఆదివారం మీ పెట్టె కూడా దించండి. మొదట చేతికి ఏం వచ్చిందో, ఎందుకు ఆగిందో కింద రాయండి. రిజిస్టర్లో చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి, మేము ఎక్కించుకుంటాం.