తుంగభద్ర దాటాక

2021 మే నెల, కొవిడ్ రోజులు. కర్నూలు నుంచి వంతెన దాటగానే పుల్లూరు టోల్‌గేట్ దగ్గర అంబులెన్సుల బారు. లోపల సిలిండర్ మీటరు ముల్లు కిందికి దిగుతోంది, బయట తెలంగాణ పోలీసు ‘హైదరాబాద్‌లో బెడ్డు ఉన్నట్టు కాగితం ఏదీ?’ అంటున్నాడు. ఊపిరి అందనివాడి కొడుకు ఫోన్ పట్టుకుని ఆసుపత్రుల్ని బతిమాలుకోవాలన్నమాట! అప్పటికి హైదరాబాద్ ఆంధ్ర, తెలంగాణలకు ఉమ్మడి రాజధానే. కాకపోయినా దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కూ, బతికే హక్కూ రాష్ట్ర పొలిమేరలో ఆగిపోవు. మే 14న తెలంగాణ హైకోర్టు ఇలా అంబులెన్సుల్ని ఆపించిన ప్రభుత్వ ఉత్తర్వులపై స్టే ఇచ్చింది. పడకలు చాలవన్న ప్రభుత్వం గోడు అబద్ధం కాదు, ఒప్పుకుంటాను. కానీ పడక ఎవరికివ్వాలో తేల్చాల్సింది డాక్టరు, చెక్‌పోస్టు కాదు. ఈ పెత్తనం మనకు పాత అలవాటే. బొంబాయి ప్లేగు రోజుల్లో, 1897లో తెల్లదొరలు చేసిన అంటువ్యాధుల చట్టంలో మొదట ఉన్నవి నాలుగే సెక్షన్లు. చివరిది అధికారిపై దావా పడకుండా కాపాడేది. రోగికి ఏం హక్కుందో చెప్పే సెక్షన్ మాత్రం ఒక్కటీ లేదు. కొవిడ్‌లోనూ మనం దుమ్ము దులిపి బయటికి తీసింది ఆ చట్టాన్నే.