అమ్మ అంటారు, లేకపోతే పొగరంటారు

“పాత విద్యార్థినివి కదమ్మా, వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయి” అని వార్డెన్ మేడం అడిగారు. కష్టపడి చదవండి, పైకి రండి అని రాద్దామనుకున్నాను. అది ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని సినిమా గురించి రాస్తున్నాను. మేడం కోప్పడకూడదు.

మాది కళింగపట్నం. టీవీలో మా ఊరి పేరు వినిపించేది ఎక్కువగా ఓడరేవులో తుపాను హెచ్చరిక ఎగరేసినప్పుడే. ఆ రోజుల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి, మగవాళ్ళు ఇళ్ళల్లో ఉంటారు. నేను డిగ్రీలో ఉండగా అలాంటి ఒక రోజు టీవీలో ‘మల్లీశ్వరి’ వేశారు. మా మావయ్య అంతా చూసి, “బాగా చేసింది గానీ, ఈ భానుమతికి పొగరెక్కువంట” అన్నాడు. గుమ్మం దగ్గర ఎండు నెత్తళ్ళు ఏరుతున్న మా అమ్మమ్మ తలెత్తకుండానే, “పనొచ్చిన ఆడదాన్ని అలాగే అంతారు లేరా” అంది.

మా అమ్మమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలు అమ్మి ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఆమెకు ఊళ్ళో పేరు ‘నోరుగల మనిషి’. అదే ధరకు, అదే గట్టి గొంతుతో వంజరం పాట పాడే మగ వ్యాపారిని మాత్రం ‘ఖరాఖండి మనిషి’ అంటారు. ఆమె ఆ మాట అన్న తర్వాతే నేను భానుమతి గారి గురించి వెతికి చదవడం మొదలుపెట్టాను.

ఆమె 1925 సెప్టెంబర్ 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారు సంగీతం తెలిసిన మనిషి. పదమూడేళ్ళ వయసులో సి. పుల్లయ్య గారి ‘వరవిక్రయం’ (1939)లో కాళిందిగా నటించారు. కట్నం కోసం తండ్రి పడే అవస్థ చూడలేక ప్రాణం తీసుకునే పిల్ల పాత్ర అది. 1943లో సహాయ దర్శకుడు పి.ఎస్. రామకృష్ణారావు గారిని పెళ్ళి చేసుకున్నారు. తర్వాత కొడుకు పేరుతో భరణి పిక్చర్స్ పెట్టారు, స్టూడియో కట్టారు. నటి, గాయని, నిర్మాత, దర్శకురాలు, రచయిత్రి. ‘అత్తగారి కథలు’ మా లైబ్రరీ ప్రతి అట్ట ఊడిపోయి ఉంది. నవ్వుతూ చదివినవాళ్ళు చాలామందే ఉన్నారన్నమాట. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ వచ్చాయి. 2005 డిసెంబర్ 24న చెన్నైలో కన్నుమూశారు.

ఇంత చేసిన మనిషి గురించి మన ఇళ్ళల్లో ముందు గుర్తుకొచ్చే కథ ఏమిటంటే, ‘మిస్సమ్మ’ (1955) కథ. మొదట కథానాయిక ఆమే. కొంత చిత్రీకరణ కూడా అయింది. వరలక్ష్మీ వ్రతం రోజు షూటింగుకు ఆలస్యంగా వచ్చారని, చక్రపాణి గారు క్షమాపణ రాసిమ్మంటే రాయలేదని, ఆ పాత్ర సావిత్రి గారికి వెళ్ళిందని చెబుతారు. ఈ కథ చెప్పే వాళ్ళందరూ చివర ‘పొగరు’ అనే మాట కలుపుతారు. క్షమాపణ రాసిమ్మన్న వైపు పట్టుదలను మాత్రం క్రమశిక్షణ అంటారు. నాకైతే రెండువైపులా ఉన్నది పట్టుదలే అనిపిస్తుంది.

అసలు గుర్తుండాల్సింది 1953. ఆ ఏడాది ఆమె దర్శకత్వంలో ‘చండీరాణి’ వచ్చింది. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో ఒకేసారి తీశారు. ఎన్.టి.ఆర్. పక్కన తానే కథానాయిక. షాటులో నటించాలి, షాటు బాగుందో లేదో తానే చెప్పాలి, మళ్ళీ అదే సన్నివేశం ఇంకో భాషలో మొదలుపెట్టాలి. అప్పటికి ఆమె వయసు ఇరవై ఎనిమిదికి మించలేదు. నాకిప్పుడు ఇరవై మూడు. సెమినార్‌లో పది మంది ముందు మాట్లాడాలంటే ఇంకా గొంతు తడబడుతుంది.

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా అదే 1953లో అమెరికాలో ఐడా లుపినో అనే నటి ‘ద హిచ్ హైకర్’ సినిమాకు దర్శకత్వం వహించారు. ఆమె కూడా ముందు పేరున్న తారే. ఆమె కూడా భర్తతో కలిసి సొంత సంస్థ పెట్టుకున్నారు. 1949లో ఒక సినిమా మొదట్లోనే దర్శకుడికి గుండెపోటు వస్తే ఆ పని తాను పూర్తి చేసి, తెరమీద పేరు మాత్రం ఆయనదే ఉంచారు. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో వరసగా సినిమాలు తీస్తున్న దర్శకురాలు దాదాపు ఆమె ఒక్కరే. సెట్లో ఆమె కుర్చీ వెనక ‘మనందరి అమ్మ’ అని ఇంగ్లీషులో రాసి ఉండేది. మగవాళ్ళకు ఆజ్ఞలిస్తే వాళ్ళు నొచ్చుకుంటారని, అమ్మలాగా బతిమాలి పని చేయించుకునేవారు.

ఆ కుర్చీ సంగతి చదివాక నాకు రెండు రోజులు వేరే ఏదీ తోచలేదు. అక్కడ ‘అమ్మ’, ఇక్కడ ‘పొగరు’. ఆడమనిషి నలుగురి చేత పని చేయించాలంటే ఈ రెండు పేర్లలో ఏదో ఒకటి తగిలించుకోవాల్సిందేనా? మగవాడికి ‘దర్శకుడు’ అన్న ఒక్క పేరు సరిపోతుంది కదా!

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ‘చండీరాణి’ తర్వాత భరణి వారి ‘విప్రనారాయణ’, ‘చింతామణి’, ‘బాటసారి’, ‘వివాహబంధం’, అన్నిటికీ దర్శకుడు రామకృష్ణారావు గారే. మంచి సినిమాలే. కానీ ఆమె మళ్ళీ ఆ కుర్చీలో కూర్చునేసరికి 1970లు వచ్చాయి. సంస్థ తనది, స్టూడియో తనది అయిన మనిషికే ఇంత ఆలస్యమైతే మిగతావాళ్ళ మాటేమిటి? సావిత్రి గారు 1968లో ఆడవాళ్ళే సాంకేతిక నిపుణులుగా ‘చిన్నారి పాపలు’ తీశారు. మనం ఆమె కన్నీళ్ళ గురించి చెప్పుకున్నంతగా ఆ సినిమా గురించి చెప్పుకోం. విజయనిర్మల గారు నలభైకి పైగా సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. అయినా చాలామందికి ఆవిడ ఇప్పటికీ ‘కృష్ణ గారి భార్య’.

నా సొంత కథ ఒకటి చెప్తాను. పదో తరగతిలో బడి వార్షికోత్సవానికి నేనొక నాటిక రాశాను. బడి మానేసిన ఒక పిల్ల కథ. రెండు వారాలు వరండాలో నేనే రిహార్సల్స్ చేయించాను. ఇంక ఐదు రోజులుందనగా దర్శకత్వం ఒక అబ్బాయికి అప్పగించారు. “నువ్వు మరీ అరుస్తున్నావమ్మా, ఆడపిల్లకు బాగోదు” అన్నారు. “అందరికీ అక్కలా ఉండి బట్టలూ, మేకప్పూ చూసుకో” అని కూడా అన్నారు. పొగరు, అమ్మతనం రెండూ ఒకే పూట నాకు దక్కాయి! ఆ అబ్బాయి మంచివాడే. వాడు నాకంటే గట్టిగా అరిచాడు. ఎవరూ ఏమీ అనలేదు. నాటికకు చప్పట్లు వచ్చాయి. నేను తెర వెనక పిన్నీసులు పెడుతున్నాను.

భానుమతి గారికి సంగీతం నేర్పిన తండ్రి ఉన్నాడు, సినిమా తెలిసిన భర్త ఉన్నాడు, స్టూడియో ఉంది, ఇవేవీ మనకు లేవు అని మీరనవచ్చు. నిజమే. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. దాన్ని ఏ వైపు తిప్పి పట్టుకోవాలో నాన్నకు తెలియలేదు. ఆమెతో మనకు పోలిక పెట్టడం లేదు. కానీ నాటికకు స్టూడియో అక్కర్లేదు. భోజనాల హాలు చాలు, రెండు దుప్పట్లు తెరగా చాలు. అన్నట్టు ఆమె 1982లో పిల్లలతోనే ‘భక్త ధ్రువ మార్కండేయ’ తీశారు.

ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి ఈ ఏటి వార్షికోత్సవం అయిపోతుంది. వచ్చే ఏడాది నాటికను ఒక అమ్మాయి చేయిస్తే బాగుంటుందని మేడంకు, కమిటీ వారికి నా మనవి. ఆహ్వాన పత్రికలో ‘దర్శకత్వం’ అన్నచోట ఆ పిల్ల పేరు అచ్చు వేయించండి. రిహార్సల్‌లో ఆమె అరిస్తే అరవనివ్వండి. బట్టల సంగతి అబ్బాయిలు చూసుకుంటారు. తెర లాగడానికి మనిషి తక్కువైతే నాకు కబురు పెట్టండి, వస్తాను. కళింగపట్నం ఆఖరి బస్సు ఎన్ని గంటలకో నాకు తెలుసు.