ప్యాకింగ్ మారిస్తే సరిపోదు

మైపాడు, కోడూరు వైపు రొయ్యల గుంటలకు తిరిగే పాత జీపుల్ని, మినీ లారీల్ని పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు ఒకసారి చెవి పెట్టి వినండి. కొన్నిటి ఇంజిన్‌లోంచి సన్నగా ‘టిక్ టిక్’ అని చప్పుడు వస్తుంది. బండి కాస్త వేడెక్కాక తగ్గిపోతుంది. ట్యాపెట్లదేలే అని డ్రైవర్లు వదిలేస్తారు. చాలాసార్లు అది ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దగ్గర పొగ లీకవుతున్న చప్పుడు. ఇంజిన్ హెడ్డుకీ సైలెన్సర్ గొట్టానికీ మధ్య ఉండే పోత ఇనుప భాగమే మ్యానిఫోల్డ్. అది హెడ్డుకు అతికే చోట వేసే పల్చటి పొర గ్యాస్కెట్. షెడ్లలో దాన్నే ప్యాకింగ్ అంటారు.

ఉద్యోగాల పేజీలో ఈ ప్యాకింగ్ గొడవేంటి అంటారా? నాకు నాలుగేళ్ల బీటెక్ నేర్పని పాఠం ఒకటి దీని దగ్గరే దొరికింది.

మా మామయ్యకు 20 ఏళ్లు దాటిన డీజిల్ జీపు ఉంది. ఏడాదిలో రెండుసార్లు ప్యాకింగ్ పోయింది. రెండుసార్లూ షీటు కోసి వేశారు. మూడోసారి నేను కల్పించుకున్నా. మెకానికల్ చదివినోణ్ని, టెక్నాలజీ మీద బ్లాగు రాసేవాణ్ని, నాకు తెలీదా అని స్టీలు రేకుకు రెండువైపులా గ్రాఫైట్ ఉన్న ఖరీదైన గ్యాస్కెట్ తెప్పించా. మూడు నెలలు కూడా ఆగలేదు. ఈలోపు అద్దాలు మూసి నడిపినప్పుడల్లా మామయ్యకు తలనొప్పి. ఎండ వల్లేమో అనుకున్నాం. ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. పెట్రోలు బండ్లలో ఇంకా ఎక్కువ. పరీక్షలో ఇది రాసి మార్కులు తెచ్చుకున్న నాకే ఆ తలనొప్పికి, ఈ లీకుకు సంబంధం ఉండొచ్చని తట్టలేదు.

చివరికి నెల్లూరులో ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లాం. ఆయన కొత్త ప్యాకింగ్ అడగలేదు. “ఏంది అబ్బాయా, ప్యాకింగ్ మీద ప్యాకింగ్ మారుస్తా ఉండారు, ఫేసు ఎవురన్నా చూశారా?” అన్నాడు. మ్యానిఫోల్డ్ ఊడదీసి, ముఖం శుభ్రం చేసి, దానిమీద స్టీలు స్కేలు నిలువుగా పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చాడు. 0.4 మిల్లీమీటర్ల రేకు సులువుగా పోయింది. ఎంత వంపు దాకా పర్వాలేదన్నది ఆయా ఇంజిన్ మాన్యువల్ చెబుతుంది. చాలావాటిలో అది 0.1, 0.2 దగ్గరే ఉంటుంది. పైగా చివరి రెండు స్టడ్లు తుప్పు తిని విరిగిపోయి ఉన్నాయి. సముద్రపు గాలి, రొయ్యల ఐసు నీళ్లు ఇనుమును అంత త్వరగా తినేస్తాయి.

ఎందుకు వంగిందో కాగితం మీద లెక్కేసుకోవచ్చు. పోత ఇనుము ఒక డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షల్లో దాదాపు 11 వంతులు పెరుగుతుంది. 45 సెంటీమీటర్ల మ్యానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే దగ్గరదగ్గర 2.5 మిల్లీమీటర్లు సాగుతుంది. నీళ్లతో చల్లబడే హెడ్డు సాగేది అంతకంటే చాలా తక్కువ. రోజూ ఈ రెండూ ఒకదానిమీద ఒకటి జరుగుతుంటాయి. అందుకే చాలా ఇంజిన్లలో మ్యానిఫోల్డ్ బోల్టు రంధ్రాలు కాస్త వదులుగా ఉంటాయి. ఒకచోట స్టడ్డు విరిగినా, నట్లు ఇష్టమొచ్చినట్టు బిగించినా వంపు మొదలవుతుంది.

పెద్దాయన ముఖాన్ని లేత్ షాపులో సర్ఫేస్ గ్రైండింగ్ చేయించి, స్టడ్లు కొత్తవి వేసి, అప్పుడు గ్యాస్కెట్ పెట్టాడు. నేను తెప్పించిన రకమే! నట్లను మధ్య నుంచి చివరలకు, టార్క్ రెంచ్‌తో రెండు మూడు విడతల్లో బిగించాడు. ముఖం సమంగా ఉంటేనే మంచి గ్యాస్కెట్‌కు విలువ. పలు పొరల స్టీలు గ్యాస్కెట్ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది గానీ అది నున్నటి ముఖం కోరుతుంది. పాత గరుకు ముఖాలకు గ్రాఫైట్ రకమే నయం. ఎం-సీల్ పూయడం, సిలికాన్ పేస్టు పెట్టడం మాత్రం వద్దు, ఆ వేడికి నిలవవు. ఇంకో మాట: పాత ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి, తడిపి తీయండి.

ఇంటర్వ్యూలో “ఈ పార్టు మళ్లీ మళ్లీ పాడవుతోంది, ఏం చేస్తారు?” అని అడిగితే మనలో ఎక్కువమంది “ఇంకా మంచి మెటీరియల్ వాడతాం సార్” అంటాం. నేనూ అన్నాను, నాకు ఆ ఉద్యోగం రాలేదు. ఏది పోయిందన్నది కాదు, ఎందుకు పోయింది, దాన్ని ఎలా కొలిచావు అన్నది వాళ్లకు కావాలి. రెజ్యూమేలో సాలిడ్‌వర్క్స్ రాసుకుంటాం, ఫీలర్ గేజ్ పట్టుకుని ఉండం. మా కాలేజీ ల్యాబులో ఇంజిన్‌ను ముట్టుకోనిచ్చేవాళ్లే కాదు. ఏడాది ఐటీఐ డీజిల్ మెకానిక్ చేసిన కుర్రాడు ఈ విషయంలో మనకంటే ముందుంటాడు. దీనికి సిగ్గుపడాల్సింది అతను కాదు.

ఎలక్ట్రిక్ బండ్లు వస్తుంటే పాత పొగ గొట్టాలెందుకు అనొచ్చు. బ్యాటరీ పెట్టె మూతకూ సీలు ఉంటుంది. అక్కడా ముఖం సమంగా ఉందా, బోల్టులు సరిగ్గా బిగిశాయా, వేడికి ఏది ఎంత సాగుతుంది అనే ప్రశ్నలే. ఇక 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో పొగ గొట్టం నిండా సెన్సర్లే. చిన్న లీకు కూడా వాటి లెక్క తప్పించగలదు. మన పక్కనే శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు బండ్లు తయారవుతున్నాయి. అటు చెన్నై చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల సంగతి తెలిసిందే. అక్కడి క్వాలిటీ, సర్వీసు విభాగాల్లో రోజూ చేసేది ఇలాంటి వెతుకులాటే.

ఈ సెలవుల్లో మీ ఊరి షెడ్డులో పదిరోజులు గడపండి. లీకు పట్టడానికి ఒక చిట్కా: చల్లటి ఇంజిన్ సైలెన్సర్‌లోకి బ్లోయర్‌తో గాలి కొట్టి, మ్యానిఫోల్డ్ అంచున సబ్బు నీళ్లు పోయండి. లీకున్న చోట బుడగలొస్తాయి. ఫొటో తీసుకోండి, కొలతలు రాసుకోండి, ముందు ఎంత, తర్వాత ఎంత అని. ఆ ఒక్క పేజీ రెజ్యూమేకు జతచేయండి. మామయ్య జీపుది నేను అలాగే రాసిపెట్టుకున్నా. తర్వాతి ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు దాని గురించే మాట్లాడుకున్నాం.