జోడీ బలం ఒక్క తరమే

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో రెండు రంగుల రాశులు కనిపిస్తాయి. పాలలాంటి తెల్లవి బైవోల్టిన్. లేత పసుపుపచ్చవి సంకరం, రైతుల మాటలో 'సీబీ'. దాని తల్లి మైసూరు నాటు జాతి. ఎండకూ రోగానికీ ఓర్చుకుంటుంది కానీ దారం తక్కువ. తండ్రి తెల్లగూడు జాతి. దారం బారెడు, ప్రాణం సున్నితం. పెనుకొండ, ధర్మవరం ఎండల్లో ఇద్దరి గుణాలూ కావాలి మరి!

చిత్రమేమిటంటే, పిల్లలు తల్లిదండ్రుల సగటు దగ్గర ఆగవు. తల్లి జాతి 30 కిలోల గూళ్లు, తండ్రి జాతి 50 ఇస్తాయనుకుందాం. సగటు 40. సంకరం 56 ఇచ్చిందంటే, ఆ 40 వంశం సొత్తు, పైనున్న 16 జోడీ కుదిరిన బలం. ఈ రెంటినీ విడదీయడానికి శాస్త్రవేత్తలు ఒక్కో జాతినీ మిగతా అన్నిటితో కలిపి, పిల్లలను ఒకే ఆకుతో, ఒకే గదిలో పెంచి తూకం వేస్తారు. ఎవరితో కలిపినా బాగా వచ్చిందా, బలం ఆ జాతిదే. ఒక్కరితోనే బాగుంటే అది జోడీది. హిందూపురం పక్కన కిరికెరలోని రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఇచ్చిన 'స్వర్ణాంధ్ర' సంకరం కూడా ఇలా కుదిర్చిన జోడీయే. ఏపీఎం1, ఏపీఎస్8 దాని తల్లిదండ్రులు.

మరి మంచి గూళ్లే వచ్చాయి కదా, వాటినే విత్తనానికి ఉంచుకుంటే గుడ్ల ఖర్చు మిగలదా? ఈ ఆశ ఏ రైతుకైనా సహజం. కానీ సంకరాన్ని సంకరంతోనే కలిపితే జోడీ బలంలో సగం పోతుంది. లెక్క ప్రకారం 56 కాస్తా 48కి దిగుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, పురుగులన్నీ ఒక్కతీరుగా ఉండవు. జపాన్ శాస్త్రవేత్త తొయామా కమెతారో 1906లోనే దీన్ని గూటి రంగులో చూపారు. పసుపు, తెలుపు జాతులను కలిపితే మొదటి తరం అంతా పసుపు, రెండో తరంలో నాలుగింట ఒకటి తెలుపు. రంగులాగే దారం పొడవూ, మందమూ చెదిరిపోతే రీలింగులో పోగు తెగుతుంది. ఆ దెబ్బ ధర్మవరం మగ్గం మీది పడుగు దాకా తగులుతుంది.

అందుకే గ్రెయినేజీల్లో ప్యూపా దశలోనే ఆడ, మగ వేరుచేస్తారు, సొంత జాతితో జత కట్టకుండా. ప్రతి పంటకూ గుడ్లు కొత్తగా కొనాల్సిందే. వాటి కోసం ఎవరో ఒకరు దారం తక్కువిచ్చే ఆ నాటు జాతిని కలగాపులగం కాకుండా పెంచుతూ ఉండాలి. కర్ణాటకలోని కుణిగల్, మాగడి ప్రాంతాల విత్తన రైతులు చేస్తున్నది ఆ పనే. దారం లెక్కన చూస్తే ఆ గూళ్లకు గిట్టుబాటు ఉండదు. విత్తనపు ధర పలికినన్నాళ్లే వాళ్లు వాటిని పెంచుతారు.