ఆడుబిడ్డకు నిలువనీడ

భర్తచేత దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన కూతురును నాలుగు దినము లుంచుకొని, చీరపెట్టి, బుద్ధులు చెప్పి, మరల నా యింటికే పంపివేయుట మన గ్రామములలో పెద్దమనుష్యుల మర్యాదగా చెల్లుచున్నది. ఆడుదానికి ఓర్పు ముఖ్యమని చెప్పువారే గాని, ఆ యోర్పునకు వెల యెవరు చెల్లించుచున్నారో విచారించువారు లేరు.

2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, 18 మొదలు 49 యేండ్ల వఱకు వయస్సుగల వివాహితలలో భర్తవలన హింస ననుభవించినవారు ఆంధ్రప్రదేశమున నూటికి 30 మంది, తెలంగాణమున దాదాపు 37 మంది. భార్యను కొట్టుటకు తగు కారణములు కలవని యొప్పుకొన్న స్త్రీలో, రెండు రాష్ట్రములందును నూటికి 83 మందికి పైబడియే యున్నారు. ఇందులకు మే మా స్త్రీలను నిందింపము. పోవుటకు వేఱొక చోటు లేనిదానికి దెబ్బ న్యాయమే యనుకొనుట తప్ప మనశ్శాంతి యెట్లు కలుగును? దేశము మొత్తముమీద హింసకు గురియైనవారిలో సాయము కోరినవారు నూటికి 14 మందియే.

శాసనములు లేవనుటకు వీలులేదు. 1961లో వరకట్న నిషేధము వచ్చినది. 1983లో భర్త క్రూరత్వము శిక్షార్హ నేరమైనది. 2006 అక్టోబరు 26 నుండి గృహహింస చట్టము అమలులోనికి వచ్చినది. ఈ కడపటి చట్టము భర్తను చెఱసాలకు పంపుటకంటె ముందుగా భార్యకు రక్షణమును, కాపురమున్న యింట నుండు హక్కును, భరణమును చూపినది. లైంగిక హింసను సైతము హింసగానే యెంచినది. 2024లో అమలైన క్రొత్త శిక్షాస్మృతి మాత్రము యుక్తవయస్కురాలగు భార్యపై భర్త చేయు బలాత్కారమును అత్యాచారముగా నెంచుట లేదు. అర్జీలను 60 దినములలో పరిష్కరింప యత్నింపవలెనని చట్టమున నున్నది. కాని ఆ యర్జీని వ్రాయించి, బాధితురాలి వెంట నిలువవలసిన రక్షణాధికారు లేరీ? వారిని నియమింపుడని 2025 మేలో సర్వోన్నత న్యాయస్థానమే రాష్ట్రములకు ఆజ్ఞాపింపవలసి వచ్చినది. చట్టము పుట్టి యిరువదియేండ్లు కావచ్చుచున్న నాటి మాట యిది!

2015 నుండి వెలసిన సఖి కేంద్రములు మంచివే. 181 సంఖ్యకు ఫోను చేసినను సాయము దొరకును. అయితే సఖి కేంద్రమున తాత్కాలికాశ్రయము అయిదు దినములకే. ఆఱవనాడు పసిబిడ్డ నెత్తుకొని యామె యెక్కడికి పోవలెను?

ఇచ్చట మా పాఠకులలోని భూస్వాములతో నొకమాట చెప్పవలసియున్నది. తండ్రియాస్తిలో కూతురికి కుమారునితో సమానమైన జన్మహక్కును మన శాసనసభ 1986లోనే చేసి, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తింపజేసినది. 2005లో దేశమంతయు నా దారిని పట్టినది. ఐనను కట్నమిచ్చితిమిగదా యని కూతురిచేత హక్కు విడుదల పత్రము వ్రాయించుకొనుట మానలేదు. పసుపు కుంకుమల క్రింద నిచ్చితిమన్న పొలమునకు పాసుపుస్తకము అన్నగారి పేరనో అల్లునిపేరనో యుండును! కేరళమున తిరువనంతపురము జిల్లాలో బీనా అగర్వాల్, ప్రదీప్ పండాలు జరిపి 2005లో వెల్లడించిన పరిశోధనలో, తమ పేర భూమిగాని యిల్లుగాని లేని భార్యలలో నూటికి 49 మంది చిరకాలముగా దెబ్బలు తినుచుండిరి. రెండును గలవారిలో 7 గురు మాత్రమే. భూమి యొక్కటియే చేయి నాపునని మేము వాదింపము. కాని పోగల చోటున్న భార్యపై చేయెత్తుటకు ముందు భర్త యాలోచించును.

కావున కట్నము క్రింద రొక్క మిచ్చుట మాని, కూతురి భాగమును ఆమె పేరనే రిజిస్టరు చేయింపుడు. దెబ్బలతో వచ్చిన బిడ్డను రాజీ మాటలకు ముందు వైద్యునియొద్దకు, పిమ్మట సఖి కేంద్రమునకు తండ్రియే వెంటబెట్టుకొని పోవలెను. ప్రభుత్వములు వేఱు పనుల భారములేని రక్షణాధికారులను నియమించి, ఆశ్రయమున కయిదు దినముల గడువును అర్జీ తేలువఱకు పొడిగింపవలెను. రానున్న బడ్జెటు సమావేశములలో దీనికై యెంత ధనము కేటాయింతురో శాసనసభ్యులను మన మడుగవలసియున్నది.